మాటకి ముందు మూడున్నర సెకన్లు

డ్రైవరు అప్పలస్వామి పదవీ విరమణ సభకి రానని సన్యాసిరావు రెండు రోజులు మొండికేశాడు. భార్య నూకరత్నమే చొక్కా తొడిగి, బొత్తాలు పెట్టి, ఆటో ఎక్కించింది. పంతొమ్మిదేళ్లు ఒకే బస్సులో అప్పలస్వామి స్టీరింగు పట్టుకుంటే సన్యాసిరావు టిక్కెట్లు కొట్టాడు. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్లు సన్యాసిరావు నోటికి జడిసి లోపలికి వచ్చేసేవారని డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి నోటిని ఏడాదిన్నర కిందట పక్షవాతం కొట్టేసింది. కాలూ చెయ్యీ కొంత తేరుకున్నాయి గానీ నాలుక తేరుకోలేదు.

ఇప్పుడు ఆయన మాట్లాడేది చొక్కా జేబులోని పెట్టెతో. అది అగ్గిపెట్టె కంటె కాస్త పెద్దది. పుర్రె కింద, మాట పుట్టే చోట, తమలపాకు కంటె పలచని రేకు ఒకటి అమర్చారు. ఆయన మనసులో ఒక వాక్యం కూర్చుకుంటే రేకు దాన్ని పట్టుకుని జేబుకి పంపిస్తుంది, జేబు పలుకుతుంది. గొంతు ఆయనదే. పాత ఫోను సందేశాల్లోంచి ఏరి తయారుచేశారు. ఈ పని చేస్తున్న మధురవాడ ల్యాబులో నూకరత్నం సీనియర్ ప్రోగ్రామరు. ప్రయోగానికి ఒప్పుకున్న తొమ్మిదిమందిలో ఆమె భర్త మూడోవాడు.

వేదిక మీద యూనియన్ నాయకుడు మైకు పట్టుకుని, అప్పలస్వామి బండి ఏనాడూ టైముకి రాలేదని, అలాంటి మనిషి ఇవాళ వెళ్లిపోతుంటే సన్యాసి ఏమంటాడో వినాలని ఉందని అన్నాడు. జనం నవ్వుతూ వెనక్కి తిరిగారు. సన్యాసిరావు కళ్లు మెరిశాయి. ఆ మెరుపు నూకరత్నానికి తెలుసు. జవాబు తయారైపోయింది. కానీ పెట్టె పలకలేదు. ఒక సెకను గడిచింది, రెండు గడిచాయి. పాపం మాట రావటం లేదనుకుని జనం ముందుకి తిరిగారు. నాయకుడు గొంతు తగ్గించి, అప్పలస్వామి భార్య పోయి ఇంకా మూడు నెలలు కాలేదని అన్నాడు.

అప్పుడు పలికింది పెట్టె. పాత సన్యాసిరావు గొంతుతో, హుషారుగా, హాలంతా వినబడేట్టు.

"పీడ వదిలిపోయింది. ఇంక జనం టైముకి ఇళ్లకి పోతారు."

ఎవరూ నవ్వలేదు. అప్పలస్వామి ఒకసారి తలెత్తి చూసి మళ్లీ దించుకున్నాడు. నూకరత్నం లేచి, అది ముందు అడిగినదానికి జవాబని, పెట్టె ఆలస్యంగా పలుకుతుందని చెప్పబోయింది. ఎవరూ వినిపించుకోకపోయేసరికి కూర్చుండిపోయింది. సన్యాసిరావు ఎడమ చెయ్యి జేబులోకి పోయింది. పెట్టె కట్టేశాడు.

మర్నాడు పొద్దున్న దాకా దాన్ని పెట్టలేదు. పెట్టాక మొదట పలికిన మాట ఒక్కటే.

"తీయించీ."

దేన్ని అని ఆమె అడగలేదు. రేకు పెట్టిన ఆర్నెల్లకి ల్యాబులో జరిగే పరీక్ష మూడు వారాల్లో ఉంది. ఆ రోజు రోగి వద్దంటే రేకు తీసేస్తారని మొదట్లోనే రాసుకున్నారు. ఒకసారి తీస్తే మళ్లీ అమర్చడం కుదరదు. ఆ మాటా కాగితంలో ఉంది. ఇంటర్ చదువుతున్న కూతురు బిందు పళ్లెం పట్టుకుని వచ్చి, నాన్న ఏదో చెప్పబోతుంటే, ఉప్పు కావాలా అని ముందే అడిగేసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. పచ్చడా అంది. ఊపాడు. నీళ్లా అంది. ఆయన విసిగి తలూపేశాడు. బిందు నీళ్లు తెచ్చిపెట్టి కాలేజీకి పోయింది. పిల్ల గుమ్మం దాటాక జేబు పలికింది.

"పరీక్ష బాగా రాయి."

నూకరత్నం ఆ మాట విని, గిన్నెలు అలాగే వదిలేసి, చీర కుచ్చిళ్లు సర్దుకుని ల్యాబుకి బయల్దేరింది. మూడు వారాలు ఉన్నాయి. మూడు వారాలు తక్కువేమీ కాదని దారి పొడుగునా తనకి తను చెప్పుకుంది.

షంషాద్ అప్పటికే వచ్చి ఉంది. ముప్పై ఏళ్ల పిల్ల, కొలతల పని ఆమెది. నూకరత్నం సంచీ కింద పెట్టకుండానే, సన్యాసిరావు మనసులో వాక్యం పూర్తయిన క్షణం నుంచి జేబు పలికే క్షణం దాకా ఏ ముక్కకి ఎంత సేపు పడుతోందో కొలిచి చూపించమంది. పది వాక్యాలు కొలిచారు. సగటున మూడున్నర సెకన్లు వచ్చింది. రేకు మాట పట్టుకోవడానికీ పెట్టె పలకడానికీ కలిపి సెకనులో మూడో వంతు కూడా పట్టలేదు.

"మిగతాదంతా ఎక్కడికి పోయింది మేడం?" అంది షంషాద్.

"చీటీల్లోకి," అంది నూకరత్నం. ఆమెకి చూడకుండానే తెలుసు.

ఆ ల్యాబులో ఎనోటేషన్లని చీటీలనేవారు. అసలు ప్రోగ్రాము వేరు, దాన్ని కాపలా కాసే ప్రోగ్రాములు వేరు. రెంటినీ కలిపి రాస్తే గందరగోళమని, అసలు పని పక్కన ఒక చిన్న చీటీ మాత్రం అంటించేవారు. ఆ పని మొదలయ్యే ముందు యంత్రం చీటీ చూసి, సంబంధించిన కాపలావాణ్ణి పిలుస్తుంది. వాడొచ్చి తనిఖీ చేసి సరేనంటేనే పని సాగుతుంది. అయ్యాక మళ్లీ వచ్చి రాసుకుని పోతాడు. అసలు ప్రోగ్రాము చదివితే శుభ్రంగా, పొందిగ్గా కనిపిస్తుంది. కాపలావాళ్లెవరూ అందులో కనబడరు. అందుకే వాళ్లు తినే సమయమూ కనబడలేదు.

ఆర్నెల్లలో ఏ చిన్న తేడా జరిగినా ల్యాబంతా ఒకటే మాట. చీటీ అంటించావా? ఒక రోగి పెట్టె పెద్దగా అరిచిందని ఒక చీటీ, ఇంకొకాయన నిద్రలో మాట్లాడాడని ఒకటి, ప్రతి పలుకూ భద్రంగా రాసి ఉంచాలని ఒకటి. అంటించడానికి అర నిమిషం చాలు. తియ్యడం ఎవరి పనీ కాదు. అలా పది చీటీలయ్యాయి. పదీ ఎక్కడ అంటించారు? వాక్యానికి కాదు, మాటకి కాదు, అన్నిటికంటె అడుగున ఉన్న ధ్వనికి. అడుగున అంటిస్తే ఏదీ తప్పించుకోదని అందరి ధీమా. చిన్న వాక్యంలో కూడా ముప్పై ధ్వనులుంటాయి. ముప్పైసార్లు పదిమంది కాపలావాళ్లు వచ్చి పోతుంటే మనిషి మాట గుమ్మంలోనే నిలబడిపోయింది.

మొదటి వారమంతా ఇద్దరూ ఒక్కొక్క చీటీ ఎందుకు అంటించారో వెతికి, అంటించినవాళ్లని అడిగి, అక్కర్లేనివి తీసేశారు. అక్కరున్నవాటిని పలుకు అయిపోయాక తీరిగ్గా చేసుకునేట్టు మార్చారు. తొమ్మిది చీటీలు ధ్వని మీదనుంచి లేచిపోయాయి. శుక్రవారం కొలిచారు. మూడు సెకన్ల మీద ఇంకా కాస్త చిల్లర ఉంది.

షంషాద్ కుర్చీలో వెనక్కి వాలిపోయింది. వారం కష్టానికి అర సెకను కూడా తగ్గలేదని మొహం మాడ్చుకుంది. నూకరత్నం ఇంటికెళ్లి కందిపప్పు పొయ్యి మీద పెట్టి, అది పొంగుతుంటే చూస్తూ నిలబడింది. కాపలావాళ్లు వెళ్లిపోయారు. మరి ఎవరు ఆపుతున్నారు? సోమవారం పొద్దున్నే వెళ్లి, పనిని కాక, పనికి ముందు జరిగేదాన్ని కొలిచింది. దొరికింది. చీటీలు తీసేశారు గానీ చీటీలు వెతికే అలవాటు పోలేదు. ప్రతి ధ్వనికీ యంత్రం ఆగి, దీని మీద ఏమైనా చీటీ ఉందా అని, నిబంధనల జాబితా మొత్తం మొదటినుంచి చివరిదాకా చదువుతోంది. ఇంట్లో మనిషిని గది మారిన ప్రతిసారీ కార్డు చూపించమన్నట్టుంది వ్యవహారం.

పెట్టె పొద్దున్న మేలుకున్నప్పుడు ఆ జాబితా ఒక్కసారి చదువుకుని గుర్తుపెట్టుకునేట్టు నూకరత్నం రాసింది. దానికి నాలుగు రోజులు పట్టింది. మూడు సెకన్ల పైన ఉన్నది ఒక సెకనుకి దిగింది. షంషాద్ లేచి నిలబడి, మేడం భుజాలు పట్టుకుని ఊపేసింది.

ఆ ఆదివారం ఇంట్లో ముగ్గురూ కూర్చుని అన్నం తిన్నారు. ఒక సెకను అంటే ఏమంత అనిపించింది నూకరత్నానికి. తినడం మొదలెట్టాక తెలిసింది. బిందు ఒక మాట అని, తండ్రి కోసం ఆగి, ఇంక ఏమీ అనడు కాబోలనుకుని రెండో మాట మొదలుపెట్టేసరికి సరిగ్గా జేబు పలికేది. ఇద్దరూ గుద్దుకునేవారు. ఇద్దరూ ఆగేవారు. నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అనుకునేవారు. నాలుగుసార్లు అలా అయ్యాక బిందు ఫోను చూసుకుంటూ తినసాగింది. మనుషుల మాటల మధ్య జాగా అర సెకను కూడా ఉండదు. ముందు ఆయన సభ అయిపోయాక వచ్చినవాడిలా ఉండేవాడు. ఇప్పుడు ప్రతివాళ్ల కాలూ తొక్కుతూ లోపలికి దూరుతున్నవాడిలా ఉన్నాడు.

పళ్లేలు తీస్తుంటే సన్యాసిరావు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకా ఏటుంది అందులో?"

"ఏం లేదండీ. ఇంక అంతే," అంది నూకరత్నం.

అది అబద్ధం. పదో చీటీ ఉంది. అది ఆమె అంటించింది.

పెట్టె పెట్టిన మొదటి వారంలో, సన్యాసిరావు అక్క తవిటమ్మ చూడ్డానికి వచ్చి, మంచం పక్కన కూర్చుని శోకాలు తీస్తుంటే, జేబు ఉన్నట్టుండి "ఎప్పుడు పోతావే నువ్వు" అంది. తవిటమ్మ ఆ పూటే బస్సెక్కింది. మనసులో అనుకునేదానికీ, అనాలనుకునేదానికీ తేడా రేకుకి పూర్తిగా తెలియదు. అందుకని నూకరత్నం ఒక కాపలావాణ్ణి రాసింది. ప్రతి ధ్వని దగ్గరా రేకుని మళ్లీ అడుగుతాడు: ఇది పైకి అనాలనుకున్నదేనా, లోపల తిరుగుతున్నదా? ఒక్క ధ్వని అనుమానంగా ఉన్నా వాక్యం మొత్తం మింగేస్తాడు. చీటీ కారణం దగ్గర ఆమె "ఆడపడుచు విషయం" అని రాసింది. ల్యాబంతా నవ్వుకున్నారు, ఒప్పుకున్నారు.

కారణం అది కాదు. తవిటమ్మ వెళ్లిన మర్నాడు ఆమె ఆయనకి అన్నం తినిపిస్తోంది. ఆఫీసుకి ఆలస్యమవుతోంది. నోట్లోంచి మెతుకులు జారుతుంటే తుడిచి మళ్లీ పెడుతోంది. జేబు మెల్లిగా అంది, "దీనికి నేనంటే విసుగొచ్చీసింది." ఆయన కంగారుగా కళ్లు మూసుకున్నాడు. ఆమె విననట్టు ఇంకో ముద్ద కలిపింది. ఆ పూట అది నిజం. నిజం కాబట్టే రెండోసారి వినే ధైర్యం లేక, అదే రోజు ఆఫీసుకెళ్లి, అన్నిటికంటె అడుగున చీటీ అంటించింది. ఆయన నోటికి తాళం వేస్తున్నానని అప్పుడనుకోలేదు. ఇంటి పరువు కాపాడుతున్నాననుకుంది.

ఇప్పుడు ఆ కాపలావాణ్ణి ధ్వని మీదనుంచి తీసి వాక్యం మొదట్లో ఒక్కసారి నిలబెడితే అర సెకను లోపు మాట వస్తుంది. ఆ లెక్క ఆమెకి రెండు వారాల కిందటే తెలుసు. కానీ మొదట్లో సరేనన్నాక వాక్యం మధ్యలో ఏం జారినా పట్టుకునేవాడుండడు.

మర్నాడు ఆమె సెలవు పెట్టింది. బిందు కాలేజీకి వెళ్లాక, వరండాలో ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఆ రోజు ముద్ద పెడుతుంటే మీరన్నది విన్నానండీ," అంది.

ఒక సెకను గడిచింది. ఆ సెకను ఇద్దరికీ బరువుగానే ఉంది.

"నేను అనలేదు. అనుకున్నాను."

"తెలుసు. అందుకే ఇంకెప్పుడూ వినబడకుండా చేశాను. మీ అక్క పేరు చెప్పి చేశాను. మీ మాట ఆలస్యమవడానికి ఇప్పుడు మిగిలిన కారణం అదే." ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఆ రోజు మీరనుకున్నది నిజమే. నాకు విసుగొచ్చింది."

ఆయన వీధివైపు చూస్తూ ఉండిపోయాడు. పెట్టె పాడైందేమో అనుకుంది ఆమె.

"నాకూ వచ్చింది నీ మీద," అంది జేబు. "ముద్ద ఇంత లావున పెట్టీసేదానివి. నమలమంటావా, చావమంటావా?"

నూకరత్నానికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కళ్లు తుడుచుకుని, మార్పు చేస్తే ఏమవుతుందో దాపరికం లేకుండా చెప్పింది. తనముందే కాదు, బిందు ముందు, డిపోలో, బజార్లో, అనుకోకూడనిది అనుకున్నప్పుడు అది పైకి రావచ్చు. ఒకసారి వచ్చిన మాటని ఏ ప్రోగ్రామూ వెనక్కి తేలేదు. ఆయనకి ఇష్టమైతేనే చేస్తుంది, లేకపోతే లేదు.

"జారితే జారనీ," అన్నాడు సన్యాసిరావు. "నోరున్నోళ్లకి జారదేటి?"

ల్యాబు పెద్ద భానుమూర్తి మాత్రం అంత సులువుగా ఒప్పుకోలేదు. మెత్తటి మనిషి, ఎవర్నీ పేరుకి గారు తగిలించకుండా పిలవడు. కానీ తనిఖీ తగ్గించడమంటే ఆయనకి గుండె దడ. ఈ చీటీల వల్లే ఆర్నెల్లుగా ఒక్క రోగి దగ్గర్నుంచీ ఫిర్యాదు లేదని అన్నాడు.

"ఫిర్యాదు చెయ్యాలన్నా మాట రావాలి కదండీ," అంది నూకరత్నం.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె తొమ్మిదిమంది లెక్కలూ ముందు పెట్టింది. నెల నెలకీ వాళ్లు రోజుకి పలికే వాక్యాలు తగ్గుతూ వచ్చాయి. తునిలో ఒక టీచరమ్మ మొదట్లో రోజుకి మూడు వందల వాక్యాలు మాట్లాడేది, ఇప్పుడు పదకొండు. పెట్టె బాగానే పని చేస్తోందని ల్యాబు నివేదిక రాసింది. ఆవిడ మాట్లాడటం మానేసిందని ఎవరూ రాయలేదు. భానుమూర్తి ఆ కాగితం చాలాసేపు చూశాడు. చీటీ తియ్యాలంటే అంటించినవాళ్లే అసలు కారణం రాసి ఇవ్వాలి, రోగి సంతకం కావాలి, అది కూడా ముందు ఒక్కరికే, అన్నాడు.

నూకరత్నం అక్కడే కూర్చుని రాసింది. ఆడపడుచు విషయం అన్నది కొట్టేసి, జరిగింది జరిగినట్టు నాలుగు వాక్యాల్లో పెట్టింది. షంషాద్ పక్కనుంచి చదివి, వెళ్లి ఆమెకి టీ తెచ్చి ఇచ్చింది. సన్యాసిరావు ఎడమ చేత్తో సంతకం పెట్టాడు. అది సంతకంలా లేదు, ఎవరో కుందేలుని గీసినట్టుంది. ఆ మాట ఆయనే అన్నాడు, ఒక సెకను ఆలస్యంగా.

ఆర్నెల్ల పరీక్షకి ఇంకా రెండు రోజులుందనగా కొత్త ప్రోగ్రాము పెట్టెలోకి ఎక్కించారు. కొలతల గదిలో షంషాద్ పది వాక్యాలు అడిగించి అంకె చూసింది. అర సెకను లోపే. భానుమూర్తి తలుపు దగ్గర నిలబడి, రేకు సంగతి ఎల్లుండి ఏం రాయమంటారని సన్యాసిరావుని అడిగాడు. చూద్దాం, ముందు బయట వాడి చూడాలి కదా అని జవాబొచ్చింది, చటుక్కున. భానుమూర్తి ఉలిక్కిపడి నవ్వాడు.

గేటు దాకా షంషాద్ కూడా వచ్చింది. ఆమె చేతిలో పలకలాంటి ట్యాబు ఉంది. పెట్టెలో ఏదైనా తేడా జరిగితే దాని మీద చుక్క పడుతుంది. మాటలు కనిపించవు, చుక్క మాత్రమే. నూకరత్నం రోడ్డు మీద ఆటో కోసం చెయ్యెత్తింది.

"ఆటో ఒద్దు, బస్సుకి పోదాం," అంది జేబు.

ఎండగా ఉందని, స్టాపు దూరమని, మెట్లు ఎత్తుగా ఉంటాయని ఆమె చెప్పసాగింది.

"ఇరవై ఏళ్లు ఎక్కిన మెట్లు నాకు చెప్తావేటి, నీకు భయం, పడిపోతానని కాదు, నలుగురూ నిన్ను చూసి జాలి పడతారని."

మొదటి సగం ఆయన అన్నది. రెండో సగం ఆయన అనలేదు. ఆయన మొహం చూస్తే తెలుస్తోంది, ఎడమ చెయ్యి జేబు వైపు సగం దాకా లేచి ఆగింది. షంషాద్ పలక మీద ఎర్ర చుక్క పడింది.

"మేడం, జారింది," అంది మెల్లిగా. "వాక్యం మధ్యలో కూడా ఒక చిన్న చీటీ అంటిద్దామా?"

నూకరత్నం చెంపలు వేడెక్కాయి. నడిరోడ్డు మీద, తన దగ్గర పని చేసే పిల్ల ముందు, తను ఏడాదిన్నరగా ఎవరికీ చెప్పుకోనిది ఆ చిన్న పెట్టె చెప్పేసింది. చీటీ తియ్యడానికి ఒప్పుకోవడమంటే ఇదే, ఆయన సంతకం పెట్టింది దీనికే.

"వద్దు," అంది. చేతికందేంత దగ్గరికొచ్చి ఆగిన ఆటోని పొమ్మని సైగ చేసింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"అవును, అందుకే భయం. మీకు తెలిసే ఉంటుందని కూడా నాకు తెలుసు. అయినా ఈ వేళప్పుడు బస్సులో సీటు దొరక్కపోతే మీరు—"

"దొరికితే నువ్వు కూర్చో. నేను నిలబడతాను. నాకు అలవాటే."

ఆమె మాట ఇంకా పూర్తి కాలేదు. ఏడాదిన్నర తర్వాత ఒక మనిషి ఆమె మాటని మధ్యలో తెంపేశాడు.

"నన్ను చెప్పనివ్వండి," అంది.

"నడుస్తూ చెప్పు. బస్సు పోతాది," అన్నాడు సన్యాసిరావు, కుడి కాలు ఈడ్చుకుంటూ అప్పటికే నాలుగడుగులు ముందుకేసి.

ఆమె చెప్పుకుంటూనే వెనక బయల్దేరింది. స్టాపు చేరేదాకా ఇద్దరిలో ఎవరి వాక్యమూ ఎవరూ పూర్తి చెయ్యనివ్వలేదు.